పదకొండు బ్యాడ్జీలు

జనవరి 9

ఈ కాగితం చదువుతున్న నువ్వే దోషివి. స్విచ్చి నొక్కుతావు, దీపం వెలుగుతుంది. ఆ వెలుగు ఏ గనిలోంచి, ఎవరి ఊపిరితిత్తుల మీదుగా నీ గదిలోకి వచ్చిందో ఒక్కసారైనా అడిగావా? అడగనివాడు అమాయకుడు కాడు. భాగస్తుడు.

తమ్ముడూ, గుండె పట్టుకోకు. ఇది నీకు కాదు. కొత్త కరపత్రానికి మొదటి పేరా. ఎలా ఉంది? నీకు కూడా కొంచెం తగిలితే నాకు అభ్యంతరం లేదు. పదహారేళ్ళుగా యురేనియం పొడిని డ్రమ్ములకెత్తుతూ, ఎవరైనా అడిగితే "ఏదో ఫ్యాక్టరీలో చేస్తున్నాను" అని నసిగే మనిషివి నువ్వు. మీ బావ అచ్చు మిషన్ తుడుస్తూ, "ఈసారి ఎవర్ని తిడుతున్నాం?" అని అడిగాడు. "యురేనియాన్ని" అన్నాను. "అది ఎదురు తిట్టదు కదా, కానీ" అన్నాడు. ఈ ఇంట్లో నా రాజకీయాలకు దొరికే గౌరవం ఇంతే.

ఫోను ఎందుకు చెయ్యలేదంటావేమో. ఫోనులో నువ్వు "ఊఁ" తప్ప ఇంకో అక్షరం పలకవు. కాగితం మీదైతే కనీసం నాలుగు వాక్యాలు రాస్తావు. నాకు యురేనియం గురించి సరిగ్గా చెప్పు. తిట్టేముందు తెలుసుకోవాలి గదా! పాత సామాన్ల దుకాణంలో కొని పోయిన దసరాకు నీకిచ్చిన నారింజ రంగు గిన్నె వాడుతున్నావా, అలమారలో దాచావా? దాని జోడు నా బల్ల మీదే ఉంది, క్లిప్పులు వేసుకుంటున్నాను. మరదలికి నా మాటగా మళ్ళీ చెప్పు, ఇచ్చినప్పుడు చెప్పినట్టే నువ్వు ఎక్కడపడితే అక్కడ పారేసుకునేవన్నీ అందులో వెయ్యమని.

కోపంతో, ఆరోగ్యంతో,
అక్క


జనవరి 20

అగ్గిపుల్ల అక్కకి,

నీ పేరా బాగుంది. మా ఆవిడ చదివి దీపం ఆర్పేసింది. చీకట్లో అన్నం తిన్నాం.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నన్ను చిన్నప్పుడు "సీసం" అనేదానివి, కూర్చున్నచోటి నుంచి లేవనని. నేను ఎత్తే లోహం సీసం కంటే బరువు. టీ గ్లాసు నిండా ఉంటే సుమారు మూడు కిలోలు తూగుతుంది. మా దగ్గరికి లోహంగా రాదు, పసుపుపచ్చని పొడిగా వస్తుంది. దాన్ని డ్రమ్ముల్లో నింపి మూత బిగించడం మా పదకొండుమంది పని. అది ఇంకో చోట ఇంధనమవుతుంది. వేలిచివరంత బిళ్ళ ఒక్కటి ఒక టన్ను బొగ్గు చేసే పని చేస్తుంది. బొగ్గు పొగ పీల్చి పోయినవాళ్ళ మీద నువ్వు ఎప్పుడైనా కరపత్రం వేశావా?

వేశావు. గుర్తుంది. సరే.

దాని కిరణాల్లో ముఖ్యమైనవి కాగితాన్ని కూడా దాటలేవు. నీ కరపత్రం అడ్డం పెట్టుకుంటే చాలు. నవ్వకు, నిజం. కాని పొడి ఊపిరితో లోపలికి పోతే అక్కడ అడ్డం పెట్టడానికి కాగితం ఉండదు. ఒంట్లోకి పోయినది ముందు పట్టుకునేది కిడ్నీలను. అది కిరణాల సంగతి కూడా కాదు, మామూలు విషంలా పనిచేస్తుంది. అందుకే ముఖానికి ముసుగు. ఇంకో సంగతి విను. ఇంధనానికి పనికొచ్చే భాగం తీసేశాక మిగిలిన యురేనియంతో పెట్టెలు చేసి, ఆసుపత్రుల్లో వాడే కిరణాల మందులను అందులో పెట్టి పంపుతారు. కిరణాలను ఆపేదీ అదే అన్నమాట. దాన్ని తిట్టాలంటే ఒక పక్క నుంచే తిట్టలేవు.

గిన్నె వాడుతున్నాను. వీధి తలుపు పక్క చిన్న బల్ల మీద ఉంది. తాళాలు, దువ్వెన, జేబులో ఉన్నదంతా అందులోనే. మా ఆవిడకు వెతుకులాట తప్పింది.

ఒక చిన్న విశేషం. మా చొక్కాలకు తగిలించే బ్యాడ్జీ ఉంటుంది, ఎవరికి ఎంత కిరణం తగిలిందో కొలిచేది. మూడు నెలలకోసారి తీసుకెళ్ళి చూస్తారు. ఈసారి నా బ్యాడ్జీలో చర్మపు మోతాదు హద్దు దాటిందట. లోపలి మోతాదు మామూలే. కారణం తేలేదాకా నన్ను డ్రమ్ముల గది నుంచి తప్పించి చీటీలు అంటించే గదిలో కూర్చోబెట్టారు. కంగారు పడొద్దు.

ఇట్లు,
కూర్చున్నచోటే ఉన్న
సీసం


జనవరి 27

తమ్ముడూ!

"చిన్న విశేషం" అట! ఒంటి మీద చర్మం కాలిపోతుంటే దువ్వెన తర్వాత, గిన్నె తర్వాత, ఉత్తరం చివర రాస్తావా? నీ ఒళ్ళు నీకు చీటీల కంటే చవకైపోయిందా?

ఏడ్చాను. తర్వాత కడుపు మండింది. తర్వాత రాశాను. రెండువేల ప్రతులు అచ్చయ్యాయి, మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిన్ననే పంచారు. ఒక కట్ట నీకూ పంపుతున్నాను. శీర్షిక: "నా తమ్ముడి చర్మానికి జవాబుదారీ ఎవరు?" మీ బావ మొదటిసారి వేళాకోళం చెయ్యకుండా అచ్చు వేశాడు. ఒక పేజీ వంకరగా అచ్చయింది. అదే బాగా నచ్చింది జనానికి.

గాయాలకు ఏం రాస్తున్నావు? మరదల్ని రాయమను. నీ మాట నమ్మను.

అక్క


ఫిబ్రవరి 6

అక్కా,

నా చర్మం బాగుంది. మొన్న మా ఆవిడ వెలుతురులో నిలబెట్టి ముందు నుంచీ వెనక నుంచీ చూసింది. ఒక్క మచ్చ లేదు, వీపు మీద పాత పుట్టుమచ్చ తప్ప. చర్మపు మోతాదు అంటే చర్మం దాకా చేరే కిరణాల లెక్క. కాలడం కాదు. అది కూడా బ్యాడ్జీ చెప్పింది, నా చర్మం చెప్పలేదు. రాసేముందు ఒక్క ఉత్తరంలో అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

నీ రెండువేల ప్రతుల పుణ్యమా అని ఇప్పుడు నా పరిస్థితి విను. పక్కింటావిడ పళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టి, లోపలికి రాకుండా "ధైర్యంగా ఉండండి" అని పారిపోయింది. జుట్టు కత్తిరించే ఆయన దుప్పటి కప్పి, కాసేపు ఆలోచించి, "మీకు జుట్టు బాగానే ఉందండీ" అని దుప్పటి తీసేశాడు. చీటీల గదిలో నా పక్క కుర్చీ ప్రతిరోజూ ఒక జానెడు దూరం జరుగుతోంది. ఇంకో వారానికి అది వరండాలోకి వెళుతుంది. మా తాత మాత్రం వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "ఏరా, చీకట్లో వెలుగుతున్నావా? అయితే మా ఇంటికి రా, కరెంటు పోయింది" అన్నాడు. తాత అంటే ముసలాయన కాదు, డ్రమ్ముల గదిలో పెద్దవాడు, యాభై నాలుగేళ్ళు. ముందుగా నెరిసిన జుట్టుకు ఆ పేరు పడింది.

పెద్ద మేనేజరుకు నీ కరపత్రం మీద చెమటలు పట్టాయట. నేను పొడిని బట్టలకు అంటించుకుని ఇంటికి మోస్తున్నానేమోనని అనుమానం. మా కిరణాల కొలతలు చూసే మేడం రేపు కౌంటరు, అంటే కిరణాలను టిక్కు టిక్కుమని లెక్కపెట్టే డబ్బా, పట్టుకుని మా ఇంటికి వస్తోంది. మా ఆవిడ ఇల్లంతా కడుగుతోంది, కౌంటరు దుమ్మును కూడా లెక్కపెడుతుందేమోనని.

నీ కాలని తమ్ముడు


ఫిబ్రవరి 8

అక్కా, ముందు కూర్చో.

మేడం వచ్చింది. చెప్పులు, చొక్కాలు, మంచం, పొయ్యి, నా జుట్టు, అన్నీ చూసింది. కౌంటరు అప్పుడొకటి ఇప్పుడొకటి టిక్కుమంటోంది, అది మామూలేనట. ఆవిడ "మీ ఇల్లు శుభ్రంగా ఉందండీ" అని మా ఆవిడకు ధైర్యం చెప్పి వెళ్ళబోతూ వీధి తలుపు దగ్గర ఆగింది. చేతిలో కౌంటరు ఒక్కసారిగా వర్షం పడ్డట్టు టిక్కుమనడం మొదలుపెట్టింది. ఆవిడ నన్ను చూసింది. నేను ఆవిణ్ణి చూశాను. ఇద్దరం బల్ల మీద గిన్నెను చూశాం.

"ఇది ఎక్కడిదండీ?"

"మా అక్క ఇచ్చింది."

"మీ అక్కగారంటే... ఆ కరపత్రం?"

"ఆవిడే."

పాపం, నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. పాత రోజుల్లో ఆ నారింజ రంగు పూతకు యురేనియం కలిపేవాళ్ళట. ఆకుపచ్చ గాజు సామానులో కూడా. ఎవరూ దాచిపెట్టి చెయ్యలేదు, రంగు బాగుంటుందని చేశారు. పక్కన ఉంటే మనిషికి పెద్దగా ఏమీ కాదు, కాని అందులో తినకూడదు. మరి దాని మీదే రాత్రంతా, మూడు నెలలపాటు ఒక బ్యాడ్జీ పడి ఉంటే? కాగితం దాటలేనివి కాక ఇంకో రకం కిరణం కూడా పూత నుంచి వస్తుందట, అది కాగితాన్ని దాటుతుంది గాని చర్మం పై పొర దాకా పోయి ఆగిపోతుంది. అందుకే చర్మపు మోతాదు ఎక్కువ, లోపలిది మామూలు. మేడం పుస్తకంలో అంతా రాసుకుంది.

అవును అక్కా, బ్యాడ్జీ గేటు దగ్గర వదిలిపెట్టి రావాలి. నేను రోజూ మర్చిపోయి చొక్కాతోనే ఇంటికి వచ్చాను, గేటు దగ్గర కూడా ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి బుద్ధిగా, నువ్వు చెప్పినట్టే, గిన్నెలో వేశాను.

సీసం

(వదినా, నేను ఆ గిన్నెలో ఏనాడూ వండలేదు, వడ్డించలేదు. నాకు దాని రంగే నచ్చలేదు. ఇప్పుడు చెప్పొచ్చు కదా. – మీ మరదలు)


ఫిబ్రవరి 14

తమ్ముడూ,

నమ్మను.

ఎంత చక్కగా కుదిరిందో చూడు! పదహారేళ్ళు యురేనియం పొడిలో మునిగినవాడికి మోతాదు ఎక్కువైతే దోషం ఎవరిది? అక్క ఇచ్చిన గిన్నెది! ఇంతకంటే అందమైన కథ మేనేజర్లు కూర్చుని అల్లినా రాదు. ఆ మేడం చేతిలో డబ్బా టిక్కుమంటే నువ్వు తలూపావు. డబ్బా ఎవరిది? వాళ్ళది. టిక్కులు ఎవరివి? వాళ్ళవి.

నా దగ్గర జోడు గిన్నె ఉంది. మా అచ్చాఫీసులో చీకటి గది ఉంది, అచ్చు ప్లేట్ల కోసం వాడే ఫిల్ము ఉంది. ఫిల్మును నల్లకాగితంలో రెండు పొరలు చుట్టాను. దాని మీద బీరువా తాళంచెవి, దాని మీద గిన్నె పెట్టాను. మూడు వారాలు ముట్టుకోనివ్వను. వెలుతురు చొరబడదు. ఏమీ రాకపోతే నా తర్వాతి కరపత్రం శీర్షిక "గిన్నె మీద నింద". మీ బావ క్లిప్పులు ఎక్కడ వేసుకోవాలని అడిగాడు. నోట్లో వేసుకోమన్నాను.

అక్క


ఫిబ్రవరి 26

అక్కా,

నీ పరీక్ష కానీ. ఇక్కడ పరిస్థితి మారింది. మేనేజరు పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. రెండే వాక్యాలు. "ఎక్కువ వచ్చిన మోతాదుకు కారణం నా ఇంట్లోని గిన్నె. డ్రమ్ముల గదిలో ఎటువంటి లోపమూ లేదు." కింద సంతకం చేస్తే మళ్ళీ నా గదికి పోవచ్చు. చెయ్యకపోతే, బ్యాడ్జీని గేటు దాటించిన తప్పుకు ఉద్యోగం పోతుంది. నెలాఖరు కాదు, వచ్చే నెలాఖరు దాకా గడువిచ్చాడు. "మీ అక్కగారికి కూడా చూపించండి" అన్నాడు నవ్వుతూ.

చేసేద్దామనుకుంటున్నాను. గిన్నె సంగతి నిజమే కదా. నాకు వేరే పని రాదు. ఈ వయసులో ఎవరు తీసుకుంటారు? మా ఆవిడ ఏమీ అనడం లేదు, అదే భయంగా ఉంది.

సీసం


మార్చి 9

తమ్ముడూ,

నిన్న ఫిల్ము కడిగాను. ఎర్ర దీపం కింద నీళ్ళలో అటూ ఇటూ ఊపుతుంటే ముందు గిన్నె అడుగు గుండ్రంగా మసకమసకగా నల్లబడింది. తర్వాత దాని మధ్యలో, తెల్లగా, పళ్ళతో సహా, నా బీరువా తాళంచెవి. దీపం లేదు, డబ్బా లేదు, మేనేజరు లేడు. గిన్నె దానంతటదే ఫోటో తీసింది. చాలాసేపు అలాగే నిలబడ్డాను. భయం వెయ్యలేదు, అదే సిగ్గు. అందంగా ఉంది. నాలుగు వందల యాభై కోట్ల ఏళ్ళకు సగం తరిగే పదార్థం, నా క్లిప్పుల కింద కూర్చుని, ఎవరూ చూడకపోయినా తన పని తాను చేసుకుపోతోంది.

నాదే తప్పు. ఈ మాట రాయడానికి రెండు కాగితాలు చింపాను. దిద్దుబాటు అచ్చు వేశాను, అదే గేటు దగ్గర పంచమన్నాను: "నా తమ్ముడి చర్మం బాగుంది. గిన్నె నాది. అడగకుండా రాశాను." మీ బావ దాన్ని అచ్చు వేస్తూ ఈల వేశాడు. పాతికేళ్ళ సంసారంలో ఆయన ఈల వెయ్యగా నేను వినలేదు.

ఇక ఆ కాగితం. మొదటి వాక్యం నిజం, నా ఫిల్మే సాక్షి. రెండో వాక్యం నీకు తెలుసా? నీ బ్యాడ్జీ రాత్రంతా నా గిన్నెలో ఉంది. అంటే అది డ్రమ్ముల గది గురించి ఏమీ చెప్పలేదు, మంచీ లేదు, చెడూ లేదు. మరి మిగతా పదిమంది బ్యాడ్జీలు ఏం చెప్పాయి? అవి ఎక్కడున్నాయి?

ఇది తిట్టు కాదు. ప్రశ్న. ఈసారి అడిగి రాస్తున్నాను.

అక్క


మార్చి 16

అక్కా,

అడగకుండా ఉంటే బాగుండేది.

బట్టలు మార్చుకునే గదిలో తలుపు వెనక ఒక మేకు ఉంది. పొద్దున్నే పదిమందీ బ్యాడ్జీలు దానికి తగిలించి డ్రమ్ముల గదిలోకి పోతారు. సాయంత్రం తీసి గేటు దగ్గర అప్పగిస్తారు. ఎందుకంటే బ్యాడ్జీలో ఎక్కువ వస్తే మనిషిని కొన్నాళ్ళు చీటీల గదిలో కూర్చోబెట్టి, తర్వాత ఖాళీ డ్రమ్ములు పేర్చే బయటి యార్డుకు పంపిస్తారు. మాకు గదిలో ఆరు గంటలే పని. యార్డులో ఎనిమిది, అది కూడా ఎండలో, ఎవరూ తెలియని చోట. తాత రెండుసార్లు పోయి వచ్చాడు, మోకాళ్ళు పట్టుకుపోయాయి. అప్పుడు మేకు కొట్టింది ఆయనే. నేనూ తగిలించేవాణ్ణే, కాకపోతే నా మరుపు నీకు తెలుసు. సగం రోజులు అది నేను విడిచిన చొక్కాకే ఉండిపోయేది.

అంటే పది బ్యాడ్జీలు మేకు ఎలా ఉందో చెప్పాయి. నాది మా వీధి గుమ్మం ఎలా ఉందో చెప్పింది. గది ఎలా ఉందో చెప్పిన బ్యాడ్జీ ఒక్కటీ లేదు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, ఎలాగూ తిడతావు. పొడి లోపలికి పోయిందా అని చూసేది బ్యాడ్జీ కాదు, మూత్ర పరీక్ష. ఏడాదికోసారి సీసాలిస్తారు. పోయినసారి అందరికీ తొందర, ఒక్కడే రెండు చెంబుల నీళ్ళు తాగి వచ్చాడు, ట్రక్కు నడిపే అతను. పదకొండు సీసాలూ అతనే నింపాడు. అతను గదిలోకే రాడు. పదకొండుమందికీ ఒకే అంకె వచ్చింది, చుక్క తర్వాతి అంకెతో సహా. ఆఫీసులో ఎవరూ ఇదేమిటని అడగలేదు. బాగుంది అని ముద్ర వేశారు.

మేం ఆ రోజు పొట్ట పట్టుకుని నవ్వాం. ఇప్పుడు రాస్తుంటే నవ్వు రావడం లేదు. తాతకు ఈమధ్య కాళ్ళు వాస్తున్నాయి. ముసుగుల్లో ఫిల్టర్లు మార్చి ఆరు నెలలైంది, గదిలో పొడిని బయటికి లాగే రెండు ఫ్యాన్లలో ఒకటి ఆగిపోయింది.

సంతకం చెయ్యలేదింకా. చేస్తే అబద్ధం. చెయ్యకపోతే నా ఉద్యోగం. మేకు సంగతి చెబితే పదిమంది ఉద్యోగం. ఏం చెయ్యమంటావు?

నీ తమ్ముడు


మార్చి 20

తమ్ముడూ,

తిట్టను. తిట్టాల్సింది మీరు కాదు. పదకొండు సీసాల్లో ఒకే మనిషిని చూసి ముద్ర వేసినవాణ్ణి తిట్టాలి. జబ్బును పట్టించిన కొలతకు శిక్ష వేస్తే మనిషి కొలతను దాచుకుంటాడు. ఆ మేకు కొట్టింది తాత కాదు, యార్డు.

నువ్వు యురేనియాన్ని ఒక పక్క నుంచే తిట్టలేవన్నావు. ఒప్పుకుంటున్నాను. దీపం కావాలి, ఆసుపత్రి కావాలి. అది బాంబు అయినప్పుడు మాత్రం నా నోరు ఎవరూ మూయలేరు, అది వేరే కరపత్రం. మీ గది సంగతి అంతకంటే చిన్నది, అంతకంటే సులువు. ఫ్యాను, ఫిల్టరు, నిజమైన సీసా. ఇంతే కావాల్సింది.

ఏం చెయ్యాలో నేను చెప్పను. ఒంటరిగా మేనేజరు దగ్గరికి పోకు, ఆ పదిమందికీ ముందు చెప్పు. నువ్వు సరే అనేదాకా నేను ఒక్క అక్షరం అచ్చు వెయ్యను. మీ బావ కళ్ళద్దాలు తీసి నా నుదురు తాకి చూశాడు, జ్వరమేమోనని.

అక్క


మార్చి 28

అక్కా,

చెప్పాను. బట్టల గదిలో, మేకు ముందు నిలబడి.

ముందు గొడవ. "ఒరేయ్, నువ్వు గిన్నెలో పడేస్తే మా మేకు బయటపెడతావా?" అని ఒకడు మీదికొచ్చాడు. "మీ అక్క చెప్పిందా?" అన్నాడు ఇంకొకడు. "లేదు, ఆవిడ అడిగింది" అన్నాను. "రెండింటికీ తేడా ఏంటి?" "చెబితే కోపమొచ్చేది. అడిగితే నిద్ర పట్టలేదు."

సీసాల సంగతి రాగానే అందరూ తలలు దించుకున్నారు. తాత బల్ల మీద కూర్చుని పంట్లాం అంచు పైకి లాగి, కాలు వేలితో నొక్కి చూపించాడు. గుంట పడింది, పూడలేదు. "నేను నింపని సీసా నాకు బాగుందని చెప్పిందిరా" అన్నాడు. "యార్డుకు భయపడి మేకు కొట్టాను. ఇప్పుడు మేకును చూస్తే భయమేస్తోంది. రాయి, ముందు నా సంతకం."

మీదికొచ్చినవాడే కాగితం తెచ్చాడు. పెన్ను రాయలేదు, ఇంకో పెన్ను తెచ్చాడు. "నీ రాత బాగుండదు, నేను రాస్తా" అని రాయడం మొదలుపెట్టాడు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు, అందులో మూడొంతులు తిట్లు. అవి తీసేసి మిగిలింది పంపుతున్నాను.

మేనేజరు ఇచ్చిన కాగితంలో మొదటి వాక్యం కింద సంతకం చేశాను. రెండో వాక్యం కొట్టేశాను. రేపు పొద్దున పదకొండుమందిమీ కలిసి రెండు కాగితాలూ ఇస్తాం. తర్వాత నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. మా ఆవిడ మాత్రం ఈ రోజు మాట్లాడింది. "ఇప్పుడు అన్నం తిను" అంది.

అచ్చు వెయ్యి అక్కా. ఒక్క మాట కలపకు, ఒక్క మాట తియ్యకు.

పెద్ద మేనేజరుకు, డ్రమ్ముల గది మనుషులు అడుగుతున్నవి:

1. బ్యాడ్జీలో మోతాదు ఎక్కువ వచ్చినవాణ్ణి యార్డుకు పంపడం ఆపాలి. ముందు గదిని పరీక్షించాలి.

2. మేం బ్యాడ్జీలను మేకుకు తగిలించి పనిచేశాం. కాబట్టి పాత అంకెలు కొట్టేసి కొత్తగా కొలవాలి.

3. బ్యాడ్జీ ఫలితం నెల తిరక్కుండా ఎవరిది వాళ్ళ చేతికి కాగితం మీద ఇవ్వాలి.

4. గదిలో గాలిలో పొడి ఎంత ఉందో రోజూ కొలవాలి. ఆ అంకె తలుపు మీద రాయాలి.

5. ముసుగుల ఫిల్టర్లు వారానికోసారి మార్చాలి. ఆగిపోయిన రెండో ఫ్యాను బాగుచెయ్యాలి.

6. మూత్ర పరీక్ష నెలకోసారి చెయ్యాలి. ఎవరి సీసా వాళ్ళే నింపుతాం.

7. మాలో పెద్దవాడికి కిడ్నీ పరీక్ష ఈ వారంలోనే, బయటి ఆసుపత్రిలో చేయించాలి.

8. బ్యాడ్జీ ఇంటికి తీసుకుపోయినవాణ్ణి పనిలోంచి తీయకూడదు. తీస్తే పదకొండుమందినీ తీయాలి.

9. జవాబు కాగితం మీద ఇవ్వాలి. ఎవరినీ ఒంటరిగా పిలవకూడదు.